సముద్రజలమందలి వైరసులు

వైరసు అను మాట చెవిని బడగానే మనకు రోగమే స్ఫురించును. 2020వ సంవత్సరమున లోకమంతట పాఠశాలలు మూతపడుటకు కారణ మొక వైరసే. 1994-95లో నెల్లూరు మొదలగు కోస్తా ప్రాంతములందు రొయ్యల చెరువులను పాడుచేసిన తెల్లమచ్చల తెగులునకును వైరసే మూలము. కావున సముద్రజలము వైరసులతో నిండియున్నదని చెప్పినచో, తమ పిల్లల నిక సముద్రస్నానమునకు పంపమని కొందరు తల్లిదండ్రు లనవచ్చును. అలలకు భయపడుట వివేకమే గాని, ఈ వైరసులకు భయపడ నక్కరలేదు.

వైరసు పూర్ణమగు జీవి కాదు. కొంత జన్యుపదార్థము, దానిని గప్పిన మాంసకృత్తుల తొడుగు, ఇంతియే దాని శరీరము. అది తినజాలదు, తనంతట పెరుగజాలదు. తనకు తగిన జీవకణమున జొచ్చి, ఆ కణముచేతనే తనవంటివానిని పెక్కింటిని చేయించి, తుదకు దానిని పగులగొట్టుకొని వెలువడును. ఒక తాళపుచెవి యన్ని తాళములను తీయనట్లే, ఒక వైరసు అన్ని జీవులను పట్టజాలదు. సముద్రమందలి వైరసులలో అధికభాగము బాక్టీరియాలను పట్టునవి. అవి మనుష్యుల జోలికి రావు.

వీని సంఖ్య చాలకాలము తెలియలేదు. పూర్వము శాస్త్రజ్ఞులు గాజుపళ్లెములలో బాక్టీరియాలను పెంచి, వైరసు సోకినచోట నేర్పడు తేటమచ్చలను లెక్కించెడివారు. కాని సముద్రపు బాక్టీరియాలలో అత్యధికము పళ్లెములలో పెరుగవు. అందుచే వానిని పట్టు వైరసులును లెక్కకు రాకపోయెను. 1989లో నార్వే దేశమందలి బెర్గెన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఆ పద్ధతిని విడిచి, నీటిని యంత్రమున మహావేగముగ త్రిప్పి, అందలి రేణువులను అడుగునకు దింపి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో లెక్కించిరి. అంతకుముందు తలచినదానికంటె వేలకొలది రెట్లు కనబడెను! సముద్రపు పైనీటిలో మిల్లీలీటరునకు సుమారు 1 కోటి వైరసులుండును. అనగా చిన్న చెంచాడు నీటిలో 5 కోట్లు. ఐనను ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు మాత్రమే యగుటచే నీరు తేటగనే యుండును.

సముద్రమందలి సూక్ష్మజీవరాశిలో ఇంచుమించు అయిదవవంతు ప్రతిదినము వైరసులవలన నశించుచున్నదని యంచనా. ఇది వినుటకు ఘోరముగ నున్నది. కాని నడిసముద్రమున ఎరువు చల్లువా రెవ్వరు? కణము పగిలినప్పుడు అందలి నత్రజని, భాస్వరము, ఇనుము నీట గలిసి తక్కిన సూక్ష్మజీవుల కాహార మగుచున్నవి. భూమిమీద సూర్యకాంతిచే జరుగు ఆహారనిర్మాణములో సుమారు సగము సముద్రమందలి సూక్ష్మమగు పచ్చని జీవులే చేయుచున్నవి. చేపల బ్రతుకంతయు వానిపై నాధారపడియున్నది. మఱియు ఏ జాతి మితిమీరి పెరుగునో దానికే వైరసు సులభముగ దొరకును. ఎమిలియానియా హక్స్‌లీ యను సూక్ష్మజీవి సుద్దబిళ్లలను ధరించి, ఉత్తర అట్లాంటిక్ సముద్రమున నెంత విస్తారముగ పెరుగుననగా, ఆ నీటి తెల్లదనము ఉపగ్రహములు తీసిన ఛాయాచిత్రములలో గానవచ్చును. అట్టి పెరుగుదల తరచుగ వైరసువలననే యంతమగుచున్నది. వైరసులే లేకున్నచో ఏ యొకటి రెండు జాతులో తక్కినవాని చోటునంతయు నాక్రమించి యుండెడివి.

ఇక వీని భేదములు. తారా యను తెరచాపల ఓడలో శాస్త్రజ్ఞులు 2009 మొదలు 2013 వఱకు పెక్కు సముద్రములందు నీటిని బట్టి తెచ్చిరి. ఆ నీటినుండి 2019లో 1,95,728 విధముల వైరసులను గుర్తించిరి. 2016లో తెలిసియున్నవి సుమారు 15 వేలే. సముద్రము లన్నియు నొకటిగ కలిసియున్నను వైరసులు మాత్రము అంతట నొకటిగ లేవు. ఉత్తరధ్రువ సముద్రము, దక్షిణధ్రువ సముద్రము, ఉష్ణ సమశీతోష్ణ మండలముల పైనీరు, అదే మండలముల నడినీరు, మిక్కిలి లోతైన నీరు అని వాని కాపురము లైదు. ఈ విభాగమునకు ముఖ్యకారణము నీటి వేడిమి.

ఇందొక వింత గలదు. నేలపై మొక్కలును జంతువులును ధ్రువములవైపు పోయినకొలది జాతిభేదములలో తగ్గుచుండును. ఉత్తరధ్రువపు వైరసులు ఆ నియమమును పాటింపలేదు. ఆ చల్లని నీటిలో భేదములు విస్తారముగ నుండెను. అచ్చటి మంచో యేటేట తరుగుచున్నది, నీరు వేడెక్కుచున్నది. 2013లో ఆ యోడ ధ్రువసముద్రమును చుట్టివచ్చి తెచ్చిన నీటి లెక్క, ముందు తెత్తురుగదా, ఆ నీటితో పోల్చి చూచుటకు భద్రపరుపబడియున్నది.