పట్టణవృక్షములు: నాటిన పిదప

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసినపుడు, అఫ్జల్‌గంజి చెంత నొక చింతచెట్టు నెక్కి 150 మందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి యావరణమున నిప్పటికిని నిలిచియున్నది. ఒక తరమువారు పెంచిన చెట్టు వేఱొక తరమును కాపాడుననుట కిది నిదర్శనము.

పూర్వము గ్రామస్థులును ధర్మాత్ములును చేయుచుండిన యీ పని నేడు ప్రభుత్వకార్యమైనది. 1950లో కేంద్రమంత్రియైన కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించెను. 2015లో తెలంగాణ ప్రభుత్వము హరితహారమును చేపట్టి, రాష్ట్రమునందలి పచ్చదనమును 24 శాతమునుండి 33 శాతమునకు పెంపవలెనని సంకల్పించెను. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము, పట్టణముల బడ్జెటులో 10 శాతమును పచ్చదనమునకు ప్రత్యేకింపవలెననియు, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెననియు విధించినది. 2022లో హైదరాబాదునకు ప్రపంచ హరితనగర బహుమానము లభించెను. ఇది సంతోషింపదగినదే.

అయినను చట్టములోని రెండు నిబంధనలలో రెండవదియే ముఖ్యమని మా యభిప్రాయము. మొక్కలు నాటు దినమున జనమునకు కొదువ యుండదు. పిదప వచ్చు రెండుమూడు వేసవులలో నీరు పోయువారే కఱవగుదురు. కంచె విఱిగినచో మేకలు మేయును. బాట వేయువారు మొదలంటునట్లు సిమెంటు పోయుదురు. వాననీరు వేళ్ళకు దిగదు. గొట్టముల కొఱకు త్రవ్వువారు వేళ్ళను తెగగొట్టుదురు. పిమ్మట గాలివానకు చెట్టు కూలినచో నేరము చెట్టుపై మోపుదురు!

చెట్ల వేళ్ళు గోడలను చీల్చుననియు, కొమ్మలు విద్యుత్తీగలకు తగులుననియు గృహస్థులు చెప్పుట అసత్యము కాదు. కాని యా దోషము చోటెఱుగక నాటుటవలన కలిగినది. తీగలక్రింద దేవకాంచనము వంటి పొట్టిచెట్లను, విశాలమైన వీథులలో వేప, చింతలను నాటినచో నీ చిక్కు చాలవఱకు తొలగును. ఇష్టము వచ్చినట్లు నఱకుటకు 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము సమ్మతింపదు, అనుమతి పొందవలయును.

పురపాలకసంఘము మొక్కల నీయగలదు, కంచె కట్టింపగలదు, నీటిబండి పంపగలదు. కాని ప్రతిదినమును కనిపెట్టి చూచుట ఆ వీథివారికే సాధ్యము. కావున వీథివారీగా చెట్లపట్టిక వ్రాయించి, ప్రతి వేసవి చివర నెన్ని బ్రతికినవో వార్డు కార్యాలయమున ప్రకటింపవలయును. గృహస్థులు తమ వాకిటి చెట్టుచుట్టు మూరెడు మట్టినైన విడువవలయును.

పన్ను చెల్లించు చదువరులారా! ఈ యేడు మీ వార్డు సభ్యుని ఎన్ని మొక్కలు నాటితిరని యడుగకుడు. నిరుడు నాటినవానిలో ఎన్ని బ్రతికియున్నవో చూపుమనుడు.