క్లౌడ్ కంప్యూటింగ్ – నిర్వాహకుని బాధ్యత

పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున లక్షలాది విద్యార్థులు తమ మార్కుల కోసం ఒకేసారి వెబ్‌సైటును ఆశ్రయిస్తారు. రెండు మూడు రోజులలో ఆ తాకిడి తగ్గిపోతుంది. ఏడాదిలో కొద్ది గంటల అవసరం కోసం భారీ సర్వర్లను కొని, మిగిలిన కాలమంతా వాటిని ఖాళీగా ఉంచటం ప్రజాధనాన్ని వృథా చేయటమే అవుతుంది. అలాగని చిన్న సర్వరుతో సరిపెట్టుకుంటే, అవసరమైన రోజుననే అది మొరాయిస్తుంది. ఈ చిక్కుకు పరిష్కారంగా రూపొందినవే సర్వర్ వర్చువలైజేషన్, దానిపై ఆధారపడిన క్లౌడ్ కంప్యూటింగ్.

ఒక యంత్రంలో అనేక యంత్రాలు

ఒక్కొక్క కార్యక్రమానికి ఒక్కొక్క సర్వరును కేటాయించటం పూర్వపు పద్ధతి. ఆ సర్వర్ల శక్తిలో చాలా భాగం నిరుపయోగంగా ఉండిపోయేది. వర్చువలైజేషన్ పద్ధతిలో హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ భౌతిక సర్వరుకు, ఆపరేటింగ్ సిస్టంలకు నడుమ నిలిచి, ప్రాసెసర్ కాలాన్ని, మెమరీని, డిస్కును పలు వాటాలుగా పంచుతుంది. ఒక్కొక్క వాటా ఒక వర్చువల్ యంత్రంగా పనిచేస్తుంది. ఒకే ఇంటిలో వేర్వేరు గదులలో వేర్వేరు కుటుంబాలు కాపురమున్నట్లు ఇవి ఒకే సర్వరులో ఉంటాయి. ఒకరి గదిలోకి మరొకరికి ప్రవేశం ఉండదు.

ఈ ఆలోచన నేటిది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్ నిర్మించిన సీపీ-40 అనే వ్యవస్థ 1967లోనే ఒకే కంప్యూటరుపై 14 వర్చువల్ యంత్రాలను నడిపింది. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞులు ఇటువంటి వ్యవస్థకు ఉండవలసిన మూడు లక్షణాలను నిర్వచించారు: కార్యక్రమం అసలు యంత్రంపై నడిచినట్లే నడవాలి, వేగం పెద్దగా తగ్గరాదు, వనరులపై పూర్తి అదుపు హైపర్‌వైజరుకే ఉండాలి. 1999లో వి.ఎం.వేర్ సంస్థ ఈ సౌకర్యాన్ని సాధారణ కంప్యూటర్లకు తెచ్చింది. 2003లో జెన్, 2007లో లినక్స్‌లో భాగంగా కె.వి.ఎం. వెలువడటంతో ఇది అందరికీ అందుబాటులోకి వచ్చింది.

వర్చువల్ యంత్రాన్ని నిమిషాలలో సృష్టించవచ్చు. పని తీరగానే తొలగించవచ్చు. కనుక యంత్రాలను కొనకుండా, వాడుకున్న మేరకే మూల్యం చెల్లించే విధానం సాధ్యమైంది. అదే క్లౌడ్. 2006లో అమెజాన్ సంస్థ ఇటువంటి సేవను ప్రారంభించింది. మనదేశంలో 1976లో ఏర్పడిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, కేంద్ర ప్రభుత్వపు ‘మేఘరాజ్’ పథకం క్రింద 2014లో జాతీయ క్లౌడ్‌ను ప్రారంభించింది. ఢిల్లీ, పుణె, హైదరాబాద్, భువనేశ్వర్‌లలో ఆ సంస్థకు జాతీయ డేటా కేంద్రాలు ఉన్నాయి. ప్రతి శాఖా విడివిడిగా సర్వర్లను కొనుగోలు చేసే అవసరం ఈ విధంగా తగ్గింది.

నిర్వాహకుని లెక్క

ఇన్ని సౌకర్యాల వెనుక సిస్టం అడ్మినిస్ట్రేటర్ అనబడే నిర్వాహకుని ముందుచూపు ఉండాలి. ఒక సర్వరులో 256 గిగాబైట్ల మెమరీ ఉన్నదనుకుందాం. ఒక్కొక్కదానికి 16 గిగాబైట్ల చొప్పున 20 వర్చువల్ యంత్రాలకు వాగ్దానం చేస్తే మొత్తం 320 గిగాబైట్లవుతుంది. అన్నీ ఒకేసారి తమ వాటాను కోరనంత కాలం ఏ ఇబ్బందీ ఉండదు. ఫలితాల రోజు వంటి సందర్భంలో అన్నీ ఒక్కసారిగా కోరితే, హైపర్‌వైజర్ మెమరీకి బదులుగా డిస్కును వాడవలసివస్తుంది. డిస్కు వేగం మెమరీ కంటే ఎన్నో రెట్లు తక్కువ గనుక పని కుంటుపడుతుంది. ఎంత వరకు అధికంగా వాగ్దానం చేయవచ్చునో నిర్ణయించటం నిర్వాహకుని మొదటి కర్తవ్యం.

రెండవది, యంత్రం చెడిపోతుందనే భావనతోనే ఏర్పాట్లు చేయటం. సమానమైన నాలుగు సర్వర్లున్నచోట ఒక్కొక్కదానిని 75 శాతానికి మించి వినియోగించరాదు. అప్పుడే ఒకటి ఆగిపోయినా దాని భారాన్ని మిగిలిన మూడు మోయగలవు. నాలుగింటినీ 90 శాతం వరకు నింపితే చూడటానికి పొదుపుగానే ఉంటుంది. కాని ఒకటి ఆగిన నాడు మిగిలిన మూడింటికీ ఆ భారం మోయశక్యం కాదు.

మూడవది, సమాచారపు ప్రతులను భద్రపరచటం. వర్చువల్ యంత్రపు స్థితిని ఒక క్షణంలో నమోదుచేసే స్నాప్‌షాట్‌ను పలువురు బ్యాకప్‌గా భావిస్తారు. ఇది పొరపాటు. సాధారణంగా స్నాప్‌షాట్ అసలు డిస్కుపైనే ఆధారపడి ఉంటుంది. డిస్కు నశిస్తే అదీ నశిస్తుంది. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ సాధనాలు, వాటిలో ఒక ప్రతి వేరొక ఊరిలో – ఇదీ అనుభవజ్ఞులు పాటించే సూత్రం. ఆ ప్రతి నుండి సమాచారాన్ని తిరిగి పొందగలమో లేదో అప్పుడప్పుడు పరీక్షించి చూడటం కూడ అవసరమే.

దేజాన్ నేర్పిన పాఠం

ఈ సూత్రాన్ని విస్మరిస్తే ఏమవుతుందో దక్షిణ కొరియాలో జరిగిన ఉదంతం తెలుపుతుంది. 2025 సెప్టెంబరు 26న దేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీల నుండి అగ్నిప్రమాదం సంభవించింది. 600కు పైగా ప్రభుత్వ వ్యవస్థలు నిలిచిపోయాయి. బయట ప్రతులున్న వ్యవస్థలను క్రమక్రమంగా పునరుద్ధరించగలిగారు. కాని ప్రభుత్వోద్యోగులు తమ దస్తావేజులను దాచుకున్న ‘జి-డ్రైవ్’ అనే క్లౌడ్ నిల్వకు బయట ఎక్కడా ప్రతి లేదు. 858 టెరాబైట్ల సమాచారం నశించింది. సాంకేతిక నైపుణ్యంలో ముందంజ వేసిన దేశంలోనే ఇది జరిగిందంటే, లోపం యంత్రాలలో కంటే ఏర్పాటులోనే ఉన్నదని గ్రహించవలసి ఉన్నది.

క్లౌడ్ అనగానే సమాచారం ఎక్కడో ఆకాశంలో భద్రంగా ఉన్నదని భ్రమపడరాదు. అది ఏదో ఒక ఊరిలో, ఏదో ఒక గదిలో, ఏదో ఒక డిస్కుపైననే ఉంటుంది. శ్రీకాకుళం విద్యార్థి ధ్రువపత్రం ఢిల్లీలో, అస్సాం రైతు భూమి వివరం భువనేశ్వర్‌లో నిల్వ ఉండవచ్చు. వారిద్దరూ ఆ గదిని ఎన్నడూ చూడరు. దానిని కాపాడే వ్యక్తిని ఎరుగరు. యంత్రాన్ని పలువురు పంచుకోవచ్చును గాని, రెండవ ప్రతి ఎక్కడున్నదని అడిగిన నాడు సమాధానం చెప్పవలసిన బాధ్యతను పంచుకొని తప్పించుకోవటం సాధ్యం కాదు. ఈ వృత్తిని చేపట్టదలచిన విద్యార్థులు ముందుగా నేర్వవలసినది ఆ ప్రశ్నను తమకు తామే వేసుకోవటం.