సింకులో దొరికిన సైన్సు

పరీక్షనాళికలు అక్కర్లేదు. తెల్లకోటు అసలే అక్కర్లేదు. పసుపు, సున్నం, సబ్బుముక్క, గిన్నెడు ఇడ్లీపిండి... ఇవి చాలు. ఇంట్లో ప్రశ్నలతో వేధించే బుడతలుంటే ఈ ఆదివారం ఓ గంట వాళ్లని వంటింట్లోకి రానివ్వండి. గట్టు కాస్త పాడవుతుంది, నిజమే. అయినా సరే!

గిన్నెలు కడిగే నీళ్లలో జిడ్డు పడితే ఏమవుతుంది? తెట్టెలా పరుచుకుంటుంది. అందులో వింతేముంది అనుకుంటాం. నీళ్లు వదిలేసి మన పనిలో మనం పడిపోతాం. 140 ఏళ్ల కిందట జర్మనీలో ఓ అమ్మాయి మాత్రం అలా వదిలేయలేదు.

ఆమె పేరు ఆగ్నెస్ పోకెల్స్. 1862లో పుట్టింది. ఉండేది బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్లో. సైన్సంటే ప్రాణం. కానీ ఆ రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయాలు ఆడపిల్లల్ని చేర్చుకునేవి కావు. దాంతో బడి చదువుతోనే ఆగిపోయింది. అమ్మానాన్నల ఆరోగ్యం అంతంతమాత్రం. వంట, ఇంటి పని, వాళ్ల సేవ... రోజంతా అదే. తనకంటే మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు ఫ్రీడ్రిష్ మాత్రం పెద్ద చదువులకి వెళ్లాడు. అక్కకి ఫిజిక్సు పుస్తకాలు పంపేవాడు. ఆ తమ్ముణ్ని మెచ్చుకోవాల్సిందే.

గుండీ... రేకు ముక్క

నీటి పైపొర సాగదీసిన రబ్బరులా బిగువుగా ఉంటుంది. చిన్న చిన్న పురుగులు నీళ్ల మీద నడిచేది అందుకే. పదో తరగతి దాటిన వాళ్లకి 'తలతన్యత' అంటే గుర్తొస్తుంది. జిడ్డు తగిలితే ఆ బిగువు ఏమవుతుందన్నది ఆగ్నెస్‌కి వచ్చిన సందేహం. ఎవర్నడగాలి? ఎవరూ లేరు. అందుకని తనే కొలవడానికి సిద్ధపడింది.

70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఓ రేకు తొట్టి. దాని నిండా అంచుల దాకా నీళ్లు. నీటిని తాకేలా అడ్డంగా ఓ సన్నటి రేకు ముక్క. దాన్ని అటూ ఇటూ జరిపితే నీటి ఉపరితలం ఎక్కువా తక్కువా అవుతుంది. ఇక, బిగువుని కొలవడానికి చిన్న త్రాసుకి గుండీలాంటి బిళ్లని వేలాడదీసింది. నీటిని అంటుకున్న ఆ బిళ్లని పైకి లాగడానికి ఎంత బరువు కావాలో చూసి రాసుకుంది. అంతే పరికరం. ఇదంతా ఆమెకి ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్నప్పటి సంగతి.

ఏం తేలిందో చూడండి. రేకుని జరిపి జిడ్డుపొరని ఇరుకు చేస్తూ పోతే మొదట్లో బిగువు మారనే మారదు. ఓ హద్దు దాటగానే మాత్రం ఠక్కున పడిపోతుంది. ఆ హద్దు ఏమిటన్నది తర్వాత్తర్వాత తెలిసింది. జిడ్డు సరిగ్గా ఒక్క అణువు మందాన నీటిని కప్పేసే చోటు అది!

దాదాపు పదేళ్లపాటు ఈ లెక్కలు ఆమె దగ్గరే ఉండిపోయాయి. లార్డ్ రేలీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఇలాంటి ప్రయోగాలే చేస్తున్నాడని తెలిసి 1891 జనవరిలో ఆయనకి ఉత్తరం రాసింది. జర్మన్‌లోనే. రేలీ ఏమీ చిన్నవాడు కాదు, 1904లో నోబెల్ అందుకున్న మనిషి. ఆయన ఆ ఉత్తరాన్ని పక్కన పడేయలేదు. ఇంటి సామాన్లతోనే ఈవిడ విలువైన ఫలితాలు సాధించిందంటూ, అనువాదాన్ని 'నేచర్' పత్రికకి పంపాడు. మార్చి 12న అచ్చయింది. అప్పటికి ఆగ్నెస్ వయసు 29. ఆ రేకు తొట్టినే మెరుగుపరిచి వాడిన అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్‌కి 1932లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అదే ఏడాది బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఆగ్నెస్‌కి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అప్పుడామెకి డెబ్భై ఏళ్లు. కాలేజీ గడప తొక్కకుండానే!

ఇదే సంగతిని మన పిల్లలు పళ్లెంలో చూడొచ్చు. పళ్లెంలో నీళ్లు పోసి పైన మిరియాల పొడి చల్లండి. వేలికి సబ్బు రాసి మధ్యలో తాకించండి. పొడి అంతా దడుచుకున్నట్టు అంచులకి పారిపోతుంది. సబ్బు తగిలిన చోట బిగువు సడలుతుంది, చుట్టూ ఉన్న బిగువు పొడిని తనవైపు లాక్కుంటుంది. ఇంతవరకూ ఇది గారడీయే. సబ్బుకి బదులు నూనె, షాంపూ, నిమ్మరసం, ఉప్పునీళ్లు... ప్రతిసారీ కొత్త నీళ్లతో ఒక్కోటీ పెట్టి చూసి, ఏది ఎంత దూరం తోసిందో కాగితం మీద రాస్తే అప్పుడది ప్రయోగం. తేడా అంతా ఆ రాయడంలోనే ఉంది.

అన్నట్టు, లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకి ఓ చిక్కు లెక్క. అమెరికా స్వాతంత్ర్య నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ దగ్గరి క్లాపమ్ చెరువులో ఓ చెంచాడు నూనె పోస్తే అది దాదాపు అరెకరం మేర పరుచుకుని అలల్ని అణిచేసిందట. 1774లో ఆయనే ఆ సంగతి ప్రచురించాడు. చెంచా అంటే 5 మిల్లీలీటర్లు, అరెకరం అంటే రమారమి 2 వేల చదరపు మీటర్లు అనుకుంటే నూనె పొర మందమెంత? భాగహారం చేస్తే మిల్లీమీటరులో 4 లక్షలో వంతు వస్తుంది. చెంచాతో అణువుని కొలిచినట్టే! విచిత్రమేమిటంటే, ఫ్రాంక్లిన్ ఆ భాగహారం చేయలేదు.

దిష్టినీళ్ల కెమిస్ట్రీ

తెల్లచొక్కా మీద పప్పు మరక పడింది. సబ్బు రుద్దగానే పచ్చమరక ఎర్రబారింది. కంగారుపడి నీళ్లు పోస్తే మళ్లీ పచ్చబడింది. ఈ తమాషా చూడని ఇల్లాలు ఉండదు. పసుపులోని రంగు పదార్థం కుర్కుమిన్ చేసే పని అది. క్షారం తగిలితే ఎర్రగా, ఆమ్లం తగిలితే పచ్చగా మారుతుంది. ఎండలో ఆరేస్తే ఆ రంగే విరిగిపోయి మరక మాయమవుతుంది.

ఈ కెమిస్ట్రీ మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉంది. పెళ్లికూతురి పాదాలకి పెట్టే పారాణి పసుపూ సున్నమూ కలిపిందే. కొత్త దంపతుల్ని గుమ్మంలో ఆపి దిష్టి తీసే ఎర్రనీళ్లూ అవే. ఆ నీళ్లలో నిమ్మచెక్క పిండి చూడండి. ఎరుపు పోయి పసుపు తిరిగొస్తుంది. మళ్లీ సున్నం వేస్తే మళ్లీ ఎరుపు. బామ్మ దిష్టి తీసేటప్పుడు మాత్రం పిండకండి, వీపు చిట్లుతుంది!

ఇంకాస్త ముందుకెళ్దాం. పసుపునీళ్లలో తెల్లకాగితం ముంచి ఆరబెట్టి, సన్నగా ముక్కలు కత్తిరించండి. ఇంట్లో దొరికినవన్నీ వాటి మీద ఒక్కో చుక్క వేయండి. పెరుగు, చింతపండు పులుసు, వంటసోడా, బట్టలసోడా, నానబెట్టిన బూడిద నీళ్లు. వంటసోడాకి రంగు కాస్తే మారుతుంది, బట్టలసోడాకి బాగా మారుతుంది. బూడిద నీళ్లకి కూడా మారుతుంది. మన నాయనమ్మలు బూడిదతో అంట్లు తోమింది ఊరికే కాదు, ఆ క్షారం జిడ్డుని వదలగొడుతుంది. అసలు తమాషా సబ్బు, షాంపూల దగ్గర. రెండూ మురికి వదిలించేవే అయినా ఒంటిసబ్బుకి కాగితం ఎర్రబడుతుంది, చాలా షాంపూలకి ఉలకదు, పలకదు. ఎందుకని అని పిల్లలే అడుగుతారు. వెంటనే జవాబు చెప్పేయకండి.

పసుపు నచ్చకపోతే శంఖుపూలు ఉన్నాయి. వేడినీళ్లలో నానబెడితే నీలిరంగు దిగుతుంది. నిమ్మరసం పిండితే ఊదా, ఇంకా పిండితే గులాబీ. సోడా వేస్తే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది.

చెయ్యి పెడితేనే పులుస్తుందా?

ఇడ్లీపిండిని గరిటెతో కాదు, చేత్తో కలిపితేనే బాగా పొంగుతుందని చాలామంది నమ్మకం. నిజమేనా? తేల్చడానికి రెండు ఒకేలాంటి గాజు గ్లాసులు చాలు. ఒకే పిండి, ఒకే ఉప్పు. ఒకటి చేత్తో కలపాలి, ఇంకోటి శుభ్రమైన గరిటెతో. పిండి ఎంతవరకూ ఉందో గ్లాసు మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టి, గంటగంటకీ కొత్త గీత గీస్తూ పోవాలి. మూడో గ్లాసు ఫ్రిజ్‌లో పెడితే చలికాలంలో పిండి ఎందుకు మొరాయిస్తుందో కూడా తెలిసిపోతుంది.

పిండిని పొంగించే సూక్ష్మజీవుల్లో ముఖ్యమైనది ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా. అది కార్బన్ డై ఆక్సైడ్ వాయువుని వదులుతుంటే మినప్పిండి జిగురు ఆ బుడగల్ని పట్టి ఉంచుతుంది. ఈ బ్యాక్టీరియా మినప్పప్పుతోపాటే వస్తుంది. అంటే గరిటె పిండి కూడా పొంగాలి. మీ వంటింట్లో ఏం జరిగిందో గీతలే చెబుతాయి. పుస్తకంలో ఉన్నదానికీ గ్లాసులో కనిపించినదానికీ పొత్తు కుదరకపోతే మరీ మంచిది, పిల్లలు రెండోసారి చేస్తారు.

చీము గుడ్డల్లోంచి డీఎన్ఏ

వంటిల్లు అంటే చులకన వద్దు. డీఎన్ఏ తొలిసారి బయటపడింది ఓ వంటింట్లోనే! జర్మనీలోని ట్యూబింగెన్ కోటలో పాత వంటశాలని ప్రయోగశాలగా మార్చారు. 1869లో ఫ్రీడ్రిష్ మీషర్ అనే పాతికేళ్ల స్విట్జర్లాండ్ డాక్టరు అక్కడ పనిచేసేవాడు. ఆసుపత్రి నుంచి చీము పట్టిన కట్టుగుడ్డలు తెప్పించుకుని, వాటిలోని తెల్లకణాల నుంచి ఓ కొత్త పదార్థాన్ని వేరుచేశాడు. 'న్యూక్లిన్' అని పేరు పెట్టాడు. దాన్నే మనమిప్పుడు డీఎన్ఏ అంటున్నాం.

మనకి చీము గుడ్డలు అక్కర్లేదు, అరటిపండు చాలు. సగం పండుని మెత్తగా పిసికి, అరగ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పు, చెంచాడు అంట్లు తోమే లిక్విడ్ వేసి నురగ రాకుండా కలపాలి. సబ్బు కణాల పొరని విప్పేస్తుంది. పల్చటి బట్టతో వడగట్టి, ఫ్రిజ్‌లో చల్లబరిచిన సర్జికల్ స్పిరిట్‌ని గ్లాసు అంచు వెంట మెల్లగా పోయాలి. కాసేపటికి రెండు పొరల మధ్య తెల్లటి దారపు పోగుల్లాంటివి తేలతాయి. అందులో డీఎన్ఏ ఉంది. అచ్చంగా డీఎన్ఏ మాత్రమే కాదు, పండులోని ఇతర పదార్థాలూ కలిసుంటాయి. వీడియోల్లో ఈ ముక్క చెప్పరు. స్పిరిట్ మండుతుంది కాబట్టి దగ్గర్లో స్టవ్వు వెలగకూడదు, సీసా పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

చూడాలనే తపన ఉంటే వృత్తితో పనేముంది? తొలిసారి బ్యాక్టీరియాని చూసింది హాలెండ్‌లో బట్టల వ్యాపారి లేవెన్‌హుక్. తన చేత్తో సాన పట్టుకున్న కటకంతో చూసి 1676లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆయనకి డచ్చి తప్ప మరో భాష రాదు. కాన్పూర్ ఐఐటీలో చదివి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న మను ప్రకాశ్ బృందం కాగితం మడిచి చేసే సూక్ష్మదర్శిని 'ఫోల్డ్‌స్కోప్'ని 2014లో ప్రపంచానికి చూపించింది. చెరువు నీటి చుక్క పెడితే చాలు, అందులో ఈదులాడే జీవులు కనిపిస్తాయి.

రికార్డులో ఉంది, చేతిలో లేదు

ఇవన్నీ బడిలోనే చెబుతారుగా అనొచ్చు. మీ పిల్లల ప్రాక్టికల్స్ రికార్డు ఓసారి తిరగేయండి. బొమ్మలు చక్కగా ఉంటాయి, కింద 'పరిశీలన', 'ఫలితం' గుండ్రటి అక్షరాల్లో ఉంటాయి. ఆ ద్రావణాన్ని చేత్తో పట్టుకున్నావా అని అడిగి చూడండి. చాలామంది నీళ్లు నములుతారు. చేయకుండానే ఫలితం రాయడం అలవాటైన పిల్లాడికి సైన్సు రాకపోవడం ఒక్కటే కాదు, చూడనిదాన్ని చూశానని రాయడం తప్పు కాదనే పాఠం కూడా వచ్చేస్తుంది. మార్కులు తగ్గడం కంటే ఇదే ఎక్కువ నష్టం.

మరోలా చేసి చూపినవాళ్లూ ఉన్నారు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడులతో ఓ కార్యక్రమం మొదలైంది. పల్లె పిల్లలు ప్రయోగం చేసి, చూసింది రాసి, దాని మీద వాదించుకుని నేర్చుకునేవారు. పరీక్షకి పుస్తకం తీసుకెళ్లొచ్చు! 2002లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆపేసింది. అగ్గిపుల్లలు, సైకిలు ట్యూబు ముక్కలతో సైన్సు బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా తయారైంది అక్కడే. 2018లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. మన చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ ప్రయోగ సామగ్రిని వ్యాన్లలో పల్లె బడులకి తీసుకెళ్తోంది.

వీటి జోలికి వద్దు

ఉత్సాహం సరే, కొన్ని హద్దులు తప్పవు. బ్లీచింగ్ పౌడరునిగానీ బ్లీచ్ ద్రావణాన్నిగానీ బాత్రూం యాసిడ్‌తో, వెనిగర్‌తో ఎప్పుడూ కలపకూడదు. ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వస్తుంది. కిళ్లీ సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, పొరపాటున పడితే వెంటనే ధారగా నీళ్లు పోసి కడుగుతూ డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఆ పని పెద్దవాళ్లే చేయాలి. టపాసుల మందు, బ్యాటరీలు విప్పడం... అసలే వద్దు. ప్రయోగానికి వాడింది ఏదైనా నోట్లో పెట్టుకోకూడదు, ఇడ్లీపిండి అయినా సరే.

ఈ రాత్రికే మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఓ పని. తోడు లేనప్పుడు పాలలో పచ్చిమిరపకాయ తొడిమలు వేస్తే పెరుగవుతుందని అమ్మమ్మలు చెబుతుంటారు. కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు మూడు గిన్నెల్లో సమానంగా పోయండి. ఒకదాంట్లో చెంచాడు పెరుగు, రెండోదాంట్లో నాలుగు తొడిమలు వేయండి. మూడోదాంట్లో ఏమీ వద్దు. మూతపెట్టి పక్కపక్కనే ఉంచి, పొద్దున్నే గిన్నె వంచి చూసి రాసుకోండి. తొడిమల గిన్నె తోడుకుని, ఏమీ వేయని గిన్నె తోడుకోకపోతే అమ్మమ్మ మాట నెగ్గినట్టే. ఏమీ వేయని గిన్నె కూడా తోడుకుందనుకోండి... అప్పుడు గిన్నెలు సలసల కాగే నీళ్లతో కడిగి రేపు రాత్రి మళ్లీ పాలు పోయాల్సిందే.