మీకు తెలుసా? పొక్లెయిన్ ఎక్కిన ట్రైలర్‌కూ ఓ లెక్కుంది

మడకశిర గ్రానైట్ క్వారీల్లో కనిపించే పొక్లెయిన్లలో మధ్యరకానివే దాదాపు 20 టన్నులు తూగుతాయి. వాటిని మోసే ట్రైలర్‌కు మొత్తం బరువుకే కాదు, ఒక్కో యాక్సిల్ మీద పడే భారానికీ చట్టం హద్దు పెట్టింది. నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్‌కు 10.2 టన్నులుండే పరిమితిని 2018 జులైలో కేంద్రం 11.5కు పెంచింది. ఎందుకింత పట్టింపంటే, యాక్సిల్ భారం రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లవుతుంది! 1958-60లో అమెరికాలో జరిపిన రోడ్డు పరీక్షల్లో తేలిన సంగతిది. మన పల్లె రోడ్లు అంత భారం తట్టుకోలేవు.

పరిమితి దాటితే 20,000 రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2,000. ఎక్కువైన బరువు దించాకే బండి కదలాలి. పొక్లెయిన్‌ను సగం దించడం కుదరదు. కాబట్టి ట్రైలర్ మాట్లాడుకునే ముందే ఆర్‌సీలో రాసిన బరువు చూసుకోండి.