నెమలివన్నెల పిడికిలి

ఆఫ్రికా తూర్పుతీరము మొదలుకొని పసిఫిక్ మహాసముద్రమందలి గువాం ద్వీపము వఱకు పరచుకొనియున్న ఉష్ణజలములలో, పగడపు దిబ్బల అంచున ఇసుకయు గులకరాళ్ళును కలసిన చోట బొరియ త్రవ్వుకొని, దాని వాకిట కన్నులు మాత్రము వెలికి సాచి కాచుకొనియుండు జీవి యొకటి కలదు. దేహము పచ్చన, కాళ్ళు నారింజ వన్నె, తలవైపు పెంకుపై చిఱుతపులి మచ్చలు. నిడివి జానెడు మించదు. దానిని నెమలి మాంటిస్ రొయ్య యందురు. పేరునకు రొయ్యయే కాని, రొయ్యలు, పీతలు చేరిన కుదురునుండి సుమారు 40 కోట్ల సంవత్సరముల క్రిందటనే వేరుపడిన స్టొమాటోపోడ వర్గమునకు చెందినది. మన విశాఖపట్నము, కాకినాడ తీరములలో ట్రాలు వలలకు రొయ్యలతో పాటు చిక్కు స్క్విల్లాలు దీని దాయాదులే. కాని అవి ముండ్లుగల ముందుకాళ్ళతో మెత్తని ఎరను గ్రుచ్చి పట్టునట్టివి, ఇది గుద్ది చంపునట్టిది.

లోకమున దీనికి పేరు తెచ్చినవి కన్నులు. మానవనేత్రమున రంగు నెఱుగు కణములు 3 విధములు కాగా, ఈ వర్గమువాని కన్నులందు అట్టివి 12 విధములుండుటచేత, మనము కలనైనను కానని వన్నెలను అవి కాంచునని వర్ణించినవారు పెక్కుమంది. ఆ వర్ణన వినుటకు బాగుగనే యున్నది. పరీక్షకు మాత్రము నిలువలేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమున హన్నే థోయన్, జస్టిన్ మార్షల్ ప్రభృతులు ఈ కులమందలి యొక జాతికి ఆహారము నాశగా చూపి, ఒక రంగును ఎన్నుకొనుట నేర్పి, పిమ్మట దాని సరసన ఉంచు రెండవ రంగును మెల్లమెల్లగా మొదటిదానికి చేరువ చేయగా, తరంగదైర్ఘ్యమున భేదము 12 మొదలు 25 నానోమీటర్ల లోపునకు దిగునప్పటికి అది తడబడెనని 2014లో ప్రకటించిరి. 1 మొదలు 4 నానోమీటర్ల భేదమును సైతము మనము గుర్తింపగలము. అన్ని కణములుండియు ఇంత మందదృష్టి యేల? వేర్వేరు కణముల సంకేతములను మెదడున పోల్చిచూచు ప్రయాస లేక, కంటితోనే రంగును గబాలున గుర్తుపట్టు ఉపాయము దీనికి అలవడి యుండునని వారి ఊహ. వర్తుల ధ్రువణకాంతిని గుర్తించుట మాత్రము దీనికి నిజముగ చేతనగును. ఆ సంగతి 2008లో తేలినది.

నా మట్టుకు, ఈ జీవియందలి అసలు వింత కంటిలో కాదు, పిడికిలిలో నున్నది. మడిచిపెట్టుకొన్న ముందుకాలి కొనభాగమున గుండ్రని గుబ్బ యుండును. దానితో నత్తగుల్లను, పీత డిప్పను బ్రద్దలుకొట్టును. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున షీలా పటేక్, రాయ్ కాల్డ్‌వెల్ ప్రభృతులు అతివేగ చలనచిత్రముల తీసి, ఆ దెబ్బ సెకనుకు 23 మీటర్ల వేగమును అందుకొనుచున్నదని 2004లో వెల్లడించిరి. ఏ కండరమును తనంత తానుగ నీటిలో అంత త్వరగా ముడుచుకొనజాలదు. కావున కండరము నెమ్మదిగా బిగిసి, జీను ఆకారముగల పెంకుముక్కను వంచి, గడియవంటి యొక నిర్మాణముతో ఆ బలమునంతయు బంధించియుంచును. గడియ జాఱిన క్షణమున గుబ్బ దూసికొనిపోవును. దాని వేగమునకు నీరు చెదరి ఆవిరిబుడగ పుట్టి, అంతలోనే కూలి, ఎరకు రెండవ దెబ్బ తగులును. అనగా ఒక్క పోటునకు రెండు ఘాతములు.

ఇట్లు కొట్టు గుబ్బ తాను పగులదా? మన పండ్లయందున్న జాతి ఖనిజమే పైపొరగా, దాని క్రింద కైటిన్ పోగులు వరుసవరుసకు కొంచెము కొంచెముగా దిశ మార్చుచు అమరియుండుటచేత, ఏర్పడిన పగులు తిన్నగా సాగక మెలితిరిగి అలసిపోవును. ఈ రహస్యమును 2012లో డేవిడ్ కిసైలస్ బృందము బయలుపఱచినది. అరిగిన గుబ్బను కుబుసముతో పాటు విడిచి క్రొత్తదానిని పొందును.

కుబుసము విడిచిన క్రొత్తలో దేహము మెత్తబడి, కొట్టుటకుగాని దెబ్బ కోర్చుటకుగాని శక్తి యుండదు. ఐనను బొరియను ఆక్రమింపవచ్చిన ప్రత్యర్థి యెదుట ముందుకాళ్ళు సాచి, యథాప్రకారము బెదరించునని కాల్డ్‌వెల్, స్టెగర్ అనువారు దీని దాయాది యందు 1983లో గమనించిరి. ఎదుటిది తెలియక వెనుదిరుగుటయు కలదు.