మూస్

మన అడవులలో కణుజును చూచినవారు దుప్పులలో అంతకంటె పెద్దది యుండునా యని సందేహింతురు. కాని ఉత్తరమున చలిదేశములలో దానికి రెట్టింపు బరువు తూగు దుప్పి కలదు. అమెరికావారు దానిని మూస్ అందురు. ఇంగ్లండువారు ఎల్క్ అందురు. మూస్ అనునది అమెరికా ఆదివాసుల భాషనుండి వచ్చిన మాట.

అందమున ఇది లేడికి సాటి రాదు. కాళ్లు మిక్కిలి పొడవు, మెడ పొట్టి. మూతి క్రిందికి వ్రేలాడును. గొంతు క్రింద తోలుతిత్తి ఊగుచుండును. అయినను ఆ పొడుగు కాళ్లే దానిని లోతైన మంచులో నడిపించును. మెడ పొట్టిదగుటచే నేలపై గడ్డి మేయుట కష్టము. కావున చెట్ల ఆకులు, రెమ్మలు తిని బ్రదుకును. వేసవిలో సరస్సులలో దిగి, ఒక్కొక్కప్పుడు పూర్తిగా మునిగి, నీటిమొక్కలను పెరికి తినును. ఆ మొక్కలలో ఉప్పుదనము హెచ్చు. పశువునకు ఉప్పు ఎంత యవసరమో మన రైతు లెరుగుదురు గదా!

కొమ్ములు మగదానికే యుండును. అవి అరచేతివలె వెడల్పై, అంచున వ్రేళ్లవంటి మొనలు కలిగియుండును. శీతకాలమున రాలిపోయి, వసంతమున మరల మొలచి, కొలది నెలలలోనే పూర్తిగా ఎదుగును. తల్లి మే, జూన్ నెలలలో ఒకటి రెండు పిల్లలను కనును. అంతకుముందే నిరుటి పిల్లను తరిమివేయును. నిన్నటి తల్లి నేడేల తరుముచున్నదో ఆ పిల్లకు తెలియదు, పాపము!

మూసునకు ముఖ్యశత్రువు తోడేలు. అమెరికాలోని సుపీరియర్ సరస్సు నడుమ ఐల్ రాయల్ అను దీవి కలదు. 20వ శతాబ్దారంభమున మూసులు అచ్చటికి చేరెను. తినుటకు మేత యుండెను. వేటాడు తోడేలు లేకుండెను. మంద పెరిగెను, మేత తరిగెను. 1930 తరువాత అనేకములు ఆకలిచే చచ్చెను. 1950కి కొంచెము ముందు సరస్సు గడ్డకట్టగా, తోడేళ్లు మంచుమీదుగా నడచివచ్చెను. 1958లో డర్వర్డ్ ఆలెన్ అను శాస్త్రజ్ఞుడు ఈ రెండు మృగముల సంబంధమును పరిశీలింప నారంభించెను. పిమ్మట ఆయన శిష్యుడు రోల్ఫ్ పీటర్‌సన్ దశాబ్దములపాటు దానిని సాగించెను. ప్రతి శీతకాలమున విమానమునుండి మృగములను లెక్కించెడివారు.

తోడేళ్లు ఎక్కువగా ముసలివానిని, రోగగ్రస్తములను, కూనలనే పట్టునని వారు కనుగొనిరి. బలిష్ఠమైన మూసు పారిపోక నిలిచి ఎదిరించినచో, దాని కాలితాపునకు జడిసి అవి తరచు మరలిపోవును. 1980లో 50 ఉన్న తోడేళ్లు, కుక్కలవలన వచ్చిన అంటురోగముచే 1982 నాటికి 14 ఆయెను. మూసులు పెరిగి 1995లో 2,400 ఆయెను. ఆ మరుసటి శీతకాలము అతి దారుణము. మేత చాలలేదు, మంచు లోతుగా కురిసెను, పిడుదులు వేలకొలదిగా పట్టి రక్తము పీల్చెను. 1997 నాటికి మిగిలినవి 500 మాత్రమే.

తోడేళ్లకును సుఖము లేదు. శీతకాలములు వెచ్చబడి మంచువంతెన అరుదాయెను. బయటి రక్తము కలియక వాని వెన్నెముకలు సైతము వికృతములాయెను. 2018 ఆరంభమున తోడేళ్లు రెండే యుండెను, అవియు తండ్రీకూతుళ్లు. వానిని అట్లే వదలివేయుదమా, క్రొత్తవానిని తెత్తుమా యని పండితులు చాలకాలము వాదించుకొనిరి. తుదకు 2018, 2019 సంవత్సరములలో 19 తోడేళ్లను బయటినుండి తెచ్చి విడిచిరి. అవి పిల్లలను పెట్టెను. 2019లో రెండువేలు దాటియుండిన మూసులు 2023 నాటికి వేయికి లోపాయెను.