మాట మీద బయటికి

"ఎప్పుడొచ్చావు బావా?" అన్నాడు మా పక్కింటాయన. అదే ఊపులో "మళ్లీ ఎప్పుడెళ్లాలి?" అని కూడా అడిగేశాడు. అడిగింది పెళ్లిపందిట్లో, పెళ్లికూతురి తండ్రిని.

ఆయనది యావజ్జీవ శిక్ష. కూతురి పెళ్లికని పెరోల్ మీద వచ్చాడు. కొత్త చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం, అందులో తిరిగి జైలు గేటు దగ్గర హాజరు కావాల్సిన తేదీ. అప్పగింతలు కాగానే ఆయన చేసిన మొదటి పని పోలీసు స్టేషన్‌కెళ్లి సంతకం పెట్టి రావడం. కొన్నేళ్లకు సంచి సర్దుకుని మొత్తానికే ఇంటికొచ్చేశాడు. అప్పుడు కూడా ఊళ్లో సగం మంది "పెరోల్ వచ్చిందంట" అనే అన్నారు.

ఊరిదే తప్పనలేం. ఆ మాటే దేశాన్ని బట్టి అర్థం మార్చుకుంటుంది. ఫ్రెంచిలో పెరోల్ అంటే మాట, అంతే. భాషాశాస్త్రం చదువుకున్నవాళ్లకు సోస్యూర్ పుణ్యమా అని ఈ ముక్క ముందే తెలుసు. యుద్ధంలో చిక్కిన సైనికుడు 'మళ్లీ ఆయుధం పట్టను' అని మాట ఇస్తే వదిలేసేవారు. అమెరికా అంతర్యుద్ధంలో, 1865 ఏప్రిల్‌లో అపొమాటక్స్ దగ్గర దక్షిణాది జనరల్ లీ లొంగిపోయినప్పుడు ఆయన సైనికుల కోసం పెరోల్ చీటీలను అక్కడి సత్రంలోనే వేలల్లో అచ్చువేశారు. ఇంటిదారి పట్టిన సైనికుడి చేతిలో అదే రక్షణ పత్రం.

తర్వాత అమెరికా జైళ్లు ఈ మాటను శిక్ష పూర్తికాకముందే, నిఘా షరతుతో వదిలేసే పద్ధతికి పేరుగా పెట్టుకున్నాయి. 'షాషాంక్ రిడెంప్షన్' సినిమాలో రెడ్ ఏళ్ల తరబడి పెరోల్ బోర్డు ముందు కూర్చునేది అందుకే. అది చూసి మనవాళ్లు 'సెలవు కోసం ఇంత తంతా?' అనుకుంటారు. మన దగ్గర పెరోల్ నిజంగానే సెలవు మరి. చావుకో పెళ్లికో జబ్బుకో వెళ్లి, చెప్పిన రోజుకు తిరిగి రావాలి. శిక్షలో ఒక్క రోజు తగ్గదు. పైగా ముందస్తు విడుదలకు కావాల్సిన పద్నాలుగేళ్ల లెక్కలో పెరోల్ రోజులు కలపకూడదని 2023లో గోవా ఖైదీల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ తేడా చెప్పడానికి మనకు ఫ్రెంచి అక్కర్లేదు. అనంతామాత్యుడి 'భోజరాజీయం'లో ఆవు-పులి కథ ఉంది. దూడకు పాలిచ్చి వస్తానని ఆవు మాట ఇస్తుంది, పులి వదులుతుంది. అది పెరోల్. మాట తప్పకుండా తిరిగొచ్చిన ఆవును చూసి పులి మనసు మారి, తినకుండా పంపేస్తుంది. ఇది వేరే విడుదల. కథలో రెండూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి గానీ ఒకటి కావు.

ఆ రెండోదానికి మన పత్రికలు పెట్టిన పేరు క్షమాభిక్ష. ఆగస్టు 15, జనవరి 26, అక్టోబరు 2 దగ్గర పడితే జైలు బ్యారక్‌లలో జీవో కబుర్లే. కాగితం మీద దాని పేరు రెమిషన్. శిక్షాకాలం తగ్గుతుందే తప్ప నేరం చెరిగిపోదు. అంటే అందులో క్షమ లేదు. భిక్ష అనడం కూడా నాకు నచ్చదు. విడుదల ఖైదీ హక్కు కాకపోయినా, అర్హత ఉంటే తన ఫైలును పరిశీలించమనడం హక్కే అని కోర్టులు చెబుతూనే ఉన్నాయి. విధానం అమల్లో ఉన్నచోట ఖైదీ దరఖాస్తు పెట్టుకోకపోయినా ప్రభుత్వమే పరిశీలించాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అంది. అడుక్కోనక్కర్లేనిది భిక్ష ఎలా అవుతుంది?

భిక్ష అనుకుంటే ఇచ్చేవాడికీ ఇష్టారాజ్యమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గవర్నరు రాజ్యాంగం 161వ అధికరణ కింద ఒక ఖైదీకి ఇచ్చిన రెమిషన్‌ను 2006లో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. సిఫార్సు కాగితాల్లో ఆయన ఫలానా పార్టీకి మంచి కార్యకర్త అని కూడా రాసి ఉంది! బిల్కిస్ బానో కేసులో 2022 ఆగస్టు 15న గుజరాత్ వదిలేసిన పదకొండు మంది దోషులను 2024 జనవరిలో సుప్రీంకోర్టు తిరిగి లోపలికి పంపింది. విచారణ జరిగింది మహారాష్ట్రలో కాబట్టి, వదిలే అధికారం గుజరాత్‌కు లేదంది.

ఇక రచ్చబండ చట్టం ఒకటుంది. యావజ్జీవమంటే పద్నాలుగేళ్లేనట. కాదు. అది బతికున్నంత కాలమని, గాంధీ హత్యలో శిక్షపడ్డ గోపాల్ గాడ్సే కేసులో 1961లోనే తేలిపోయింది. ఆయన్ని ప్రభుత్వం 1964లో వదిలింది, అది వేరే సంగతి. మరణశిక్షకు అవకాశమున్న నేరాల్లో యావజ్జీవం పడ్డవాణ్ని పద్నాలుగేళ్లు లోపలుంచకుండా వదలొద్దని 1978లో నేర ప్రక్రియా స్మృతిలో 433-ఏ సెక్షన్ తెచ్చారు. ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో అది 475. గడప ఎత్తు చెప్పిన చట్టాన్ని జనం తలుపు తెరిచినట్టే లెక్కేసుకున్నారు.

మా ఊరాయన మొత్తానికే వచ్చేసిన రోజు పక్కింటాయన అరుగు మీదే ఉన్నాడు. పాత అలవాటు కొద్దీ "మళ్లీ ఎప్పుడెళ్లాలి బావా?" అన్నాడు. ఆయన చెయ్యి చొక్కా జేబులోకి పోయింది.